దొంగ చెయ్యి

1997 వేసవిలో నన్ను బెంగళూరులోని ఒక ప్రభుత్వ పునరావాస కేంద్రానికి, కృత్రిమ అవయవాల విభాగంలో సీనియర్ ప్రోస్థటిస్టుగా వేశారు. పోయిన కాలికో చేతికో బదులు కొత్తది కొలిచి, చేసి, తొడిగి, అది ఒంటికి అలవాటయ్యేదాకా సరిచేసేవాణ్ణి ప్రోస్థటిస్టు అంటారు. అతను డాక్టరూ కాదు, వడ్రంగీ కాదు. పెళ్ళిళ్ళలో బంధువులకు నా ఉద్యోగం ఏమిటో చెప్పడానికి ఇప్పటికీ తంటాలు పడతాను. ఒక పెద్దాయన నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "అయితే బొమ్మలు చేస్తావన్నమాట" అని తేల్చేశాడు.

అంతకుముందు నేను చేసినవన్నీ దాదాపు కాళ్ళే. కాలు చేయడం తేలికని అనను గానీ, కాలు పోయినవాళ్ళు అడిగేది ఒకటే: నిలబెట్టు, నడిపించు. చేతికి అలా ఒక పనంటూ లేదు. అన్నం కలుపుతుంది, పిల్లకు జడ వేస్తుంది, గడియ తీస్తుంది, దణ్ణం పెడుతుంది. వీటన్నిటికీ బదులుగా ఆ రోజుల్లో మేం ఇవ్వగలిగింది ఒక కొక్కెం. అందుకే మా దగ్గర చెయ్యి తీసుకెళ్ళినవాళ్ళలో చాలామంది కొన్నాళ్ళకు దాన్ని అటకెక్కించేసేవారు. ఈ సంగతి మా విభాగంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

నరసమ్మ ఆ ఏడు వానలు మొదలయ్యాక వచ్చింది. ఊరు కదిరి దగ్గర పల్లె. భర్త గారె పనికి, అంటే తాపీ పనికి వలస వచ్చాడు. కాడుగోడిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. అత్త ఇంట్లో కూర్చుని మల్లెలు, కాకడాలు, కనకాంబరాలు మాల కడితే, నరసమ్మ వాటిని కె.ఆర్.పురం స్టేషన్ మెట్ల దగ్గర అమ్మేది. పక్కనే చెరకు రసం బండి. ఒకరోజు బండి యజమాని కాస్త చూసుకొమ్మని చెప్పి టీకి వెళ్ళాడు. ఆ కాసేపట్లోనే ఎవరో రసం అడిగారు. ఈమె గడ పెట్టింది. గాజుల చేతిని రోలర్లు లోపలికి లాగేసుకున్నాయి. అది ఎడమ చెయ్యి. మోచేతి కింద జానెడు కూడా మిగలకుండా తీసెయ్యాల్సి వచ్చింది.

మోచెయ్యి మిగలడం మా లెక్కలో అదృష్టం. మోచెయ్యి ఉంటే సగం పని ఉన్నట్టే. మొదటిసారి చూసినప్పుడు ఆ మాట ఆమెతో అన్నాను. ఆమె నా రెండు చేతులనూ కాసేపు చూసి, తల తిప్పుకుంది.

మిగిలిన ఆ భాగాన్ని మేం స్టంప్ అనేవాళ్ళం. తెలుగులో మొండి అని మంచి మాటే ఉంది, కానీ వార్డులో ఆ మాట వాడకూడదని కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పేవాణ్ణి. మొండిచెయ్యి చూపించడమంటే ఆశపెట్టి లేదనడం కదా. చెయ్యి పోయిన మనిషి ముందు ఆ మాట పుండు మీద కారం చల్లినట్టుంటుంది. నరసమ్మ మాత్రం వచ్చిన రోజునుంచీ దాన్ని "నా మొండి" అనే పిలిచింది. మా జాగ్రత్త ఆమెకు అక్కర్లేదని అప్పుడే అర్థమైంది.

వాపు తగ్గి స్టంపుకు ఒక ఆకారం రావడానికి సాగే పట్టీతో నెలల తరబడి కట్టు కట్టాలి. ఆ తర్వాత ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీస్తాం. ఆ అచ్చు మీద గట్టి తొడుగు తయారుచేస్తాం. దాన్ని సాకెట్ అంటాం. సాకెట్ చివర మణికట్టు బిళ్ళ, దానికి రెండు వంపు ఇనుప వేళ్ళలా ఉండే కొక్కెం. వీపు మీదుగా ఎనిమిది అంకె ఆకారంలో ఒక పట్టీ, ఆ పట్టీ నుంచి కొక్కేనికి ఒక తీగ. భుజం ముందుకు తోస్తే తీగ లాగుతుంది, కొక్కెం తెరుచుకుంటుంది. భుజం వదిలేస్తే రబ్బరు బ్యాండ్ల బలంతో మూసుకుంటుంది. ఎన్ని బ్యాండ్లు వేస్తే పట్టు అంత గట్టిది.

మా విభాగాధిపతి డాక్టరు గారు ఆమెకు కొక్కేనికి బదులు రబ్బరు చెయ్యి ఇద్దామన్నారు. చామనఛాయ తొడుగు, గోళ్ళతో సహా, దూరం నుంచి చూస్తే అచ్చం చెయ్యే. ఆడమనిషి, నలుగురిలో కూర్చుని అమ్ముకునే మనిషి, కొక్కెం చూసి జనం జడుసుకుంటారని ఆయన ఉద్దేశం. నరసమ్మ ఆ రబ్బరు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పట్టుకుంటుందా అని అడిగింది. పట్టుకోదన్నాను.

"అయితే ఏంటికి సారూ, సుమ్నే బరువు. ఆ కొక్కేమే ఇయ్యి" అంది. సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని.

ఇక పొడుగు సంగతి. ఈ కథ అంతా దాని మీదే నడిచింది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కొక్కెం ఉన్న చేతికి కొలత తీసే పద్ధతి ఒకటుంది. మంచి చేతికి మోచేతి ఎముక నుంచి బొటనవేలి కొస దాకా టేపు పెట్టి కొలుస్తాం. కొక్కెం కొస అక్కడికే రావాలి. మధ్యవేలి కొస దాకా రాకూడదు. కొక్కెం చేసేది బొటనవేలు, చూపుడువేలు కలిసి చేసే పని కనుక దాని చోటు అక్కడే. అంతకు మించి పొడుగుంటే గ్లాసెత్తినప్పుడు నోరు దాటిపోతుంది, బరువు ఎక్కువ తెలుస్తుంది, భుజం లాగేస్తుంది. నేను అలాగే కొలిచాను, అలాగే చేశాను. అది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను.

మరుసటి ఏడు మొదట్లో చెయ్యి తయారైంది. శిక్షకుల పోస్టు ఖాళీగా ఉండడంతో దాన్ని వాడటం నేర్పే బాధ్యత కూడా నా మీదే పడింది. బెండు ముక్కలు పట్టించాను, పళ్ళెం పట్టించాను, తాళ్ళు ముడి వేయించాను. నరసమ్మ కాడుగోడి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. పని చేస్తున్నంతసేపూ కొక్కేన్ని తిడుతూనే ఉండేది, కానీ వదిలేది కాదు. నా అనుభవంలో చెయ్యిని తిట్టేవాళ్ళే దాన్ని వాడతారు. మెచ్చుకుంటూ తీసుకెళ్ళేవాళ్ళ చేతులే అటకెక్కుతాయి. ఆమె మళ్ళీ మెట్ల దగ్గర కూర్చుందని తెలిసి, ఒక చెయ్యి పనికొచ్చిందని నాలో నేనే సంబరపడ్డాను.

ఎండలు ముదిరేసరికి ఆమె మళ్ళీ వచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే పట్టీలు విప్పి, చెయ్యిని నా బల్ల మీద పెట్టింది.

"ఇది దొంగ చెయ్యి సారూ. నువ్వే పెట్టుకో."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాడటం చేతకానివాళ్ళు చెయ్యిని తప్పుపట్టడం మాకు మామూలే. నేను రోజూ చెప్పే పాఠం మొదలుపెట్టాను. ఆమె నన్ను చెప్పనిచ్చింది. తర్వాత తన సంగతి చెప్పింది.

పూలు మూరలెక్కన అమ్ముతారు. కన్నడం వాళ్ళకు అది మొళ. ఎవరు ఏమన్నా కొలత ఒకటే, మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా. పూలమ్మే మనిషి ఎడమచేతి వేళ్ళ మధ్య మాల కొస పట్టుకుని, కుడిచేత్తో దాన్ని ఎడమ మోచేతి దాకా లాగి కొలుస్తుంది. ఆ మనిషి చెయ్యే కొలబద్ద. పొట్టి మనిషి మూర పొట్టిది, పొడుగు మనిషి మూర పొడుగుది. నరసమ్మ మంచి పొడగరి. బంగారపేట వైపు నుంచి రైల్లో పనికి వచ్చే ఆడవాళ్ళు ముందు కూర్చున్న పూలవాళ్ళను దాటుకుని వచ్చి మరీ ఈమె దగ్గర కొనేవారట. నరసమ్మ మూర అంటే మూరే అని పేరు. ఇప్పుడు అదే మోచేతి నుంచి కొక్కెం దాకా కొలిస్తే నాలుగు వేళ్ళ వెడల్పు తక్కువొస్తోంది.

నేను బొటనవేలి సూత్రం చెప్పాను. గ్లాసు, భుజం, బరువు అన్నీ చెప్పాను.

"అదంతా నీకు సరే. బొటనేలుతో పూలు ఎవురు కొలుస్తారప్పా?" అంది.

తక్కువొచ్చినంత మేర అంచనాగా కలిపి ఇవ్వొచ్చు కదా అన్నాను. కలిపే ఇస్తోందట. కానీ కొలిచేటప్పుడు కళ్ళకు కనబడేది తక్కువే. ఆపైన ఎంత కలిపినా, తప్పు దొరికాక సర్దినట్టే ఉందట. మొదట్లో కొనేవాళ్ళు సరదాకే దొంగ చెయ్యి అన్నారు. మన భాషలో దొంగిలించేవాడే కాదు, అసలుది కానిదీ దొంగే. దొంగ నోటు, దొంగ సంతకం, దొంగ ఏడుపు. పెట్టుడు చెయ్యి గనుక దొంగ చెయ్యి అన్నారు, ఈమె కూడా నవ్వింది. నాలుగు వేళ్ళ సంగతి ఎవరో కనిపెట్టాక అదే మాటకు రెండో అర్థం వచ్చింది. నరసమ్మ కావాలనే కొలతకు తక్కువ చెయ్యి చేయించుకుందని చెప్పుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు. కొనేవాళ్ళు మళ్ళీ ముందు కూర్చున్నవాళ్ళ దగ్గరే ఆగిపోవడం మొదలైంది.

"చెయ్యి పోయిన్నాడు ఇంత ఏడవలేదు సారూ. నేను ఎవురికీ మొండిచెయ్యి సూపిన మనిసిని కాదు" అంది. నేను వార్డులో అనొద్దని చెప్పే మాట అది.

భర్త మాట కూడా చెప్పింది. వరలక్ష్మి వ్రతానికి ముందురోజు పూలవాళ్ళకు పెద్ద బేరం. ఆ రోజు కూడా ఈమె బుట్ట నిండుగానే ఇంటికి తిరిగొస్తే, మెట్ల దగ్గర జాగా ఇంకొకరికి వదిలేసి అత్తాకోడళ్ళు ఊరికి పోవాలని అతను గట్టిగా చెప్పేశాడట. ఊళ్ళో ఏం చేస్తావని అడిగాను. "ఏం జేస్తా, కూసోనుంటా" అంది.

నేను డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, మణికట్టు దగ్గర ఒక బిళ్ళ కలిపి చెయ్యిని పొడిగిస్తానన్నాను. ఆయనకు నచ్చలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. పద్ధతి ప్రకారం ఇచ్చిన చెయ్యిని పద్ధతి తప్పించి, రేపు భుజం నొప్పి అని వస్తే ఎవరు జవాబుదారీ అని అడిగారు. నేనే అన్నాను. నిజానికి ఆయన చెప్పిందంతా నేను నరసమ్మకు చెప్పిందే. అదే మాట ఇంకొకరి నోటి నుంచి వింటే నాకు కోపం వచ్చింది. చివరికి ఒప్పుకున్నారు. నేను బిళ్ళ కలిపి, కొక్కెం కొస సరిగ్గా ఆమె కుడిచేతి మధ్యవేలి కొసకు సమానంగా వచ్చేట్టు చేశాను. ఆమె రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుని, తృప్తిగా వెళ్ళింది.

మళ్ళీ వచ్చింది. ఈసారి కోపం లేదు. బాగా అలసిపోయి ఉంది.

కొలత ఇప్పుడు సరిగ్గానే ఉందట. కానీ మొన్నటిదాకా పొట్టిగా ఉన్న చెయ్యి ఇప్పుడు పొడుగెలా అయిందని అడుగుతున్నారట. పెరిగే చెయ్యికి తరగడం ఎంతసేపని ఒకామె అందట. అంతకుముందు అనుమానించనివాళ్ళు కూడా ఇప్పుడు కొలిచేటప్పుడు కొక్కెం వైపే చూస్తున్నారట. నేను చేసిన సాయంతో మొదటికే మోసం వచ్చింది.

"దేవుడిచ్చిన చెయ్యి పొట్టిదైనా ఎవురూ అడగరు సారూ. మనిసి జేసినదానికే లెక్క జెప్పల్ల" అంది.

కొలతే సమస్య అనుకున్నన్నాళ్ళూ నా దగ్గర పరిష్కారం ఉంది. చెయ్యిని వేళ్ళ వెడల్పుల్లో, వెంట్రుకవాసిలో సరిచేయగలను. ఇప్పుడు తప్పు చేతిలో లేదు. అది ఎవరో చేసిన చెయ్యి కావడమే తప్పు. దాన్ని ఏ రంపంతోనూ సరిచేయలేను.

ఎడమచేతి మీద కాకుండా కుడిచేతి మీద కొలవమన్నాను. కుడిచేతి వేళ్ళతో మాల కొస పట్టుకుని, కొక్కెంతో కుడి మోచేతి దాకా లాగమన్నాను. ఆమె నవ్వింది. కుడిచెయ్యి లాగే చెయ్యి, కోసే చెయ్యి, ఇచ్చే చెయ్యి. అది కొలిచే చెయ్యి కాదంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్త దగ్గర కూర్చుని నేర్చుకున్న తీరు అది. అయినా శిక్షణ గదిలో ప్రయత్నించాం. మొదట నూలుతాడుతో, తర్వాత ఆమె తెచ్చిన పూలతో.

మొదట కొక్కెం మల్లెల్ని నలిపేసింది. బ్యాండ్లు తీసేసి ఒక్కటే ఉంచాను. అసలు చిక్కు తర్వాత వచ్చింది. కొక్కేన్ని కుడి మోచేతి దాకా తీసుకెళ్ళాలంటే ఎడమ భుజం ముందుకు సాగాలి. భుజం ముందుకు సాగితే తీగ లాగుతుంది, తీగ లాగితే కొక్కెం తెరుచుకుంటుంది. సరిగ్గా మోచేతి దగ్గరికొచ్చేసరికి మాల జారి ఒళ్ళో పడేది. పట్టీ వదులు చేస్తే కొక్కెం అసలు తెరుచుకోదు, బిగిస్తే ఊరికే తెరుచుకుంటుంది. ఎన్నిసార్లు సర్దినా అంతే. నాకు విసుగొచ్చి రేపు చూద్దామన్నాను. ఆమె లేవలేదు.

కొక్కేన్ని పొట్టకు ఆనించి కదలకుండా పెట్టుకుంది. మాలను దానితో పట్టకుండా, చిలక్కొయ్యకు తగిలించినట్టు దాని వంపు మీద వేలాడదీసింది. కుడిచేతి వేళ్ళతో కొస పట్టుకుని ముందుకు లాగింది. మాల కొక్కెం మీదుగా జారింది. కుడి మోచెయ్యి కొక్కేనికి తగిలేదాకా లాగి ఆపింది. "అది రాదంటాది. ఇదే దానికాడికి పోనీ" అంది, కళ్ళతో కుడి మోచేతిని చూపిస్తూ. వేళ్ళ కొస నుంచి మోచేతి దాకా సరిగ్గా మూర. అప్పుడు భుజం కాస్త తోసి, కొక్కెం తెరిచి, పూలు నలగకుండా ఆ చోట దారాన్ని పట్టాలి. అది నేర్పడం నా పని. పట్టీ ఎక్కడ ఎంత వదులుండాలో అప్పుడు నాకూ తెలిసింది. వ్రతం దగ్గరపడేదాకా ఆ ఒక్క పనే చేశాం. మిగతా రోగులు మా గదికి పూలగది అని పేరు పెట్టారు.

వ్రతానికి ముందురోజు సాయంత్రం నేను కె.ఆర్.పురం వెళ్ళాను. నా ఇల్లు యలహంక వైపు. అక్కడికి వెళ్ళాల్సిన పనేమీ నాకు లేదు. స్టేషన్ బయట తామరలు, మామిడాకులు, అరటి పిలకలు, జనం. నరసమ్మ తన చోటులోనే ఉంది. చుట్టూ గుంపేమీ లేదు. ముందు కూర్చున్నవాళ్ళ దగ్గర తోపులాటగా ఉంది. బుట్టలో పూలు నిండుగా ఉన్నాయి. మెట్ల పక్కన నిలబడి చూశాను.

రైలు దిగిన ఒక పెద్దావిడ ఆమె ముందు ఆగింది. పాత బేరమే అనుకుంటాను, పేరు పెట్టి పలకరించింది. పలకరించాక, కొక్కేన్ని చూస్తూ, కాస్త ఎగతాళిగా అడిగింది: "ఏ చేత్తో కొలుస్తావే నరసమ్మా, పెరిగేదాంతోనా, తరిగేదాంతోనా?"

నరసమ్మ మాల కొక్కెం మీద వేసి, కుడిచెయ్యి ఆవిడ ముఖం ముందుకు చాచింది.

"ఇది మాయమ్మ ఇచ్చిన చెయ్యి. పెరగదు, తరగదు. సూస్కోక్కా."

"మరి అదేందే?"

"అదా? అది నాకాడ కూలికుండాది."

పెద్దావిడ పకాలున నవ్వింది. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. మూర కొలిచి, దారం తెంపి, పైన కొసరుగా ఒక ముక్క కలిపి నరసమ్మ కుడిచేత్తో ఇచ్చింది. ఆవిడ మూర చాలదు, మూడు కావాలంది. కొలవడం చూద్దామని ఇద్దరు ముగ్గురు ఆగారు. చూడ్డానికి ఆగినవాళ్ళు కొన్నారు. నేను ముందుకు వెళ్ళాక నా వంతు రావడానికి చాలాసేపు పట్టింది. నన్ను చూసి ఆమె మూర కొలిచి, నాలుగు వేళ్ళ కొసరు వేసి, "ఇది నీ బొటనేలు మింగిన ముక్క" అంది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఉద్యోగంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆ జాగా ఆమెకే ఉండిపోయింది. కొన్నాళ్ళకు పట్టీ మార్పించుకోవడానికి వచ్చినప్పుడు మణికట్టు దగ్గరి బిళ్ళ తీసెయ్యమంది. బరువట, నీళ్ళు తాగేటప్పుడు నోరు దాటిపోతోందట, భుజం లాగుతోందట. నేను డాక్టరు గారి ముఖం చూడకుండా ఆ బిళ్ళ తీసేశాను. చెయ్యి మళ్ళీ బొటనవేలి కొలతకే వచ్చింది. అంటే మా పద్ధతి చెప్పిన పొడుగే దానికి సరైన పొడుగు. కూలికి ఉన్న చేతికి అంత చాలు. అది తన కొలత కానిదాన్ని కొలవబోయినప్పుడే చిక్కొచ్చింది.

తర్వాత రిటైరయ్యేదాకా చాలా చేతులు చేశాను. టేపు పట్టుకునే ముందు, పోయిన చెయ్యి ఏయే పనులు చేసేదని అడగడం మా వృత్తిలో అందరూ చేసేదే. నేను దానికి ఇంకొక ప్రశ్న చేర్చుకున్నాను. ఆ చేతిని ఎవరెవరు, దేనికి నమ్మేవారు? పనిని కొంతవరకు ఇనుముకు నేర్పించవచ్చు. నమ్మకాన్ని దానికి తొడగలేం. అది మనిషిలో ఇంకా ఎక్కడ మిగిలి ఉందో వెతికి, మనం చేసిన చెయ్యిని దాని కింద పనికి పెట్టాలి.